మాట చేరినచోట అర్థము చేరునా?

తెలుగింట బియ్యము అయిపోయినప్పుడు గృహిణి ‘అయిపోయినవి’ అనదు. ‘బియ్యము నిండుకొన్నవి’ అనును. లేమిని నోట పలుకుట అశుభమను భావముచేత ఖాళీ అయిన పాత్రను నిండినదని చెప్పుట మన ఆచారము. అట్లే దీపము ఆరినదనక కొండెక్కినదందురు. ఇల్లు విడిచి పోవువాడు ‘పోతాను’ అనక ‘వెళ్ళి వస్తాను’ అనును. మనలో మనకు ఈ మాటలవలన ఎన్నడును పొరపాటు కలుగదు. కాని నిఘంటువు దగ్గర పెట్టుకొని తెలుగు నేర్చిన పరదేశి యొకడు ఆ ఇంట అతిథిగా ఉన్నాడనుకొందము. బియ్యము నిండుకొన్నవని విని అతడు, పాపము, ఈ పూటకు లోటులేదని నిశ్చింతగా కూర్చుండును. అతని చెవికి చేరిన శబ్దములో లోపము లేదు. గృహిణి వ్యాకరణములోను తప్పు లేదు. మాట చక్కగా చేరినది. అర్థము మాత్రము దారిలో తలక్రిందులైనది.

వంటింటిలో ఇట్టి పొరపాటు జరిగినచో భోజనము ఒక గంట ఆలస్యమగును, అంతే. ఆకాశములో జరిగినచో ఏమగునో 1990 జనవరి 25వ తేదీ రాత్రి న్యూయార్కు నగర సమీపమున తెలియవచ్చినది.

ఇంధనము నిండుకొన్న విమానము

ఆ రోజున ఆవియాంకా సంస్థవారి 52వ నంబరు విమానము కొలంబియా దేశపు రాజధాని బొగోటా నుండి మెడెలిన్ మీదుగా న్యూయార్కునకు వచ్చుచుండెను. అది బోయింగ్ 707 రకపు విమానము. అందు 158 మంది ఉండిరి. అమెరికా తూర్పు తీరమంతట వాతావరణము చెడిపోయి, న్యూయార్కు విమానాశ్రయమునకు వచ్చు విమానములు వరుసలో వేచియుండవలసి వచ్చినది. ఈ విమానమును మూడుచోట్ల గాలిలోనే చక్కర్లు కొట్టుచు ఆగుమనిరి. ఆగిన కాలమంతయు కలిపి 1 గంట 17 నిమిషములు.

విమానాధిపతికి ఇంగ్లీషు అంతగా రాదు. నేలపైనున్న నియంత్రణాధికారులతో మాట్లాడు బాధ్యత సహచోదకునిది. ఇంకను ఆగవలసియుండునని అధికారి చెప్పగా, సహచోదకుడు తమకు ‘ప్రయారిటీ’ కావలయునని తాము భావించుచున్నట్లు చెప్పెను. ఇంక ఐదు నిమిషములు మాత్రమే ఆగగలమని కూడ చెప్పెను. ఆ మాట విన్న అధికారి విమానమును తరువాతి అధికారికి అప్పగించెను. కాని ఇంధనము సంగతి ఆ రెండవవానికి చేరలేదు.

విమానము నేలకు దిగబోయి, ఎదురుగాలుల తాకిడిచేత దారి కుదరక మరల పైకి లేచినది. అప్పుడు విమానాధిపతి స్పానిష్ భాషలో సహచోదకునితో, ‘మనము ఎమర్జెన్సీలో ఉన్నామని వారికి చెప్పుము’ అనెను. సహచోదకుడు రేడియోలో చెప్పినది వేరు: ‘సరే, మీరు చెప్పిన దిక్కునకే తిరుగుదుము, మరియొక ప్రయత్నము చేయుదుము, మాకు ఇంధనము అయిపోవుచున్నది’ అను ధోరణిలో, అనేక మాటల నడుమ ఒక మాటగ ఆ సంగతి చెప్పెను. విమానాధిపతి ‘చెప్పితివా?’ అని మరల అడిగెను. ‘చెప్పితినండి’ అని సమాధానము. తన దృష్టిలో అతడు అబద్ధమాడలేదు. నిమిషముల తరువాత అధికారి, విమానమును ఈశాన్యముగా 15 మైళ్ళు పంపి మరల త్రిప్పుదుమనియు, అది వారి ఇంధనమునకు సరిపోవునా యనియు అడిగెను. ‘సరిపోవుననుకొందును, చాల కృతజ్ఞతలు’ అని సహచోదకుడు బదులిచ్చెను.

కొలది నిమిషములలో నాలుగు ఇంజనులును ఆగిపోయినవి. విమానము లాంగ్ ఐలెండులోని కోవ్ నెక్ అను గ్రామపు గుట్టపై కూలినది. 73 మంది మరణించిరి. మంటలు లేవలేదు, మండుటకు అందు ఇంధనమే మిగులలేదు.

అమెరికాలోని జాతీయ రవాణా భద్రతా మండలి విచారణ జరిపి, ఇంధనము లెక్కను సిబ్బంది సరిగా నిర్వహింపకపోవుటయు, ప్రమాదస్థితిని నేలపైవారికి తెలుపకపోవుటయు ముఖ్య కారణములని తేల్చినది. విమానముల రాకపోకలను సవ్యముగా అదుపుచేయకపోవుట, ఇంధనము తగ్గినప్పుడు చెప్పవలసిన మాటలపై ఉభయులకు ఒకే అవగాహన లేకపోవుట కూడ తోడైనవని ఆ నివేదిక చెప్పినది. నియంత్రణాధికారి చెవికి ‘ఎమర్జెన్సీ’, ‘మేడే’ అను మాటలు తాళపుచెవుల వంటివి. అవి పడగానే తక్కిన విమానములన్నియు ప్రక్కకు తప్పుకొనవలెను. ‘ప్రయారిటీ’ అనునది అట్టి మాట కాదు. ‘ఇంధనము అయిపోవుచున్నది’ అనుటయు అట్టిది కాదు; ఆ రాత్రి ఆకాశమున తిరుగుచున్న ప్రతి విమానమునకును ఇంధనము అయిపోవుచునే యుండెను. స్పానిష్ భాషలో ‘ప్రియోరిదాద్’ అను మాటకు మొదట దింపవలసినవారమను బలము కలదనియు, దానినే సహచోదకుడు ఇంగ్లీషులోనికి తెచ్చుకొనెననియు కొందరి వివరణ. గృహిణి తన భాషలో స్పష్టముగనే చెప్పినది. అతిథి తన భాషలో స్పష్టముగనే వినెను.

శబ్దము, సంకేతము, సందర్భము

1948లో క్లాడ్ షానన్ అను అమెరికా గణితవేత్త వార్తాప్రసార సిద్ధాంతమును ప్రచురించెను. పంపువాడొకడు, అందుకొనువాడొకడు, నడుమ ఒక మార్గము. ఆ మార్గములో రొద. పంపువాడు వార్తను సంకేతములుగ మార్చును. అందుకొనువాడు సంకేతములను మరల వార్తగ మార్చును. టెలిగ్రాఫు మొదలు నేటి చరవాణి వరకు ఈ చిత్రము చెల్లును. ఐతే ఇందు మాటుగ ఒక షరతు ఉన్నది: ఇరువురి చేతిలోను ఒకే సంకేతపుస్తకము ఉండవలెను. యంత్రముల విషయమున ఆ పుస్తకమును ఇంజనీరు ముందే సరిచూచి యిచ్చును. అర్థము మాట షానన్ తన సిద్ధాంతములో చేర్చలేదు; ఇంజనీరింగు సమస్యకు అది అవసరము లేదని స్పష్టముగనే చెప్పెను.

మనుష్యుల సంకేతపుస్తకములో అచ్చయిన పుటలు కొన్నియే. మిగిలినదంతయు బాల్యమునుండి చూచి నేర్చినది. ఎవరితో ఎంత దూరమున నిలువవలెను, పెద్దవారికి ‘కాదు’ అని ఎట్లు చెప్పవలెను, మౌనమునకు అర్థమేమి అనునవి ఏ వ్యాకరణములోను ఉండవు. ఎడ్వర్డ్ హాల్ అను మానవశాస్త్రవేత్త 1950 తరువాతి తొలి సంవత్సరములలో, విదేశములకు పోవు అమెరికా ఉద్యోగులకు శిక్షణ ఇచ్చుచు ఈ సంగతిని గమనించెను. ఆ దేశభాష చక్కగా నేర్చి వెళ్ళినవారును అక్కడ పనిలో తడబడుచుండిరి. 1959లో అతడు దీనిని గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1976లో మరియొక గ్రంథములో సంస్కృతులను రెండు కొసల నడుమ నిలిపి చూపెను. ఒక కొసన, చెప్పదలచినదంతయు మాటలలోనే పెట్టువారు. రెండవ కొసన, అర్థములో పెద్ద భాగమును సందర్భమునకు, బంధుత్వమునకు, ముఖవైఖరికి విడిచిపెట్టువారు. ‘బియ్యము నిండుకొన్నవి’ అను వాక్యము రెండవ కొసకు చెందినది. సందర్భమును పంచుకొన్నవారి నడుమ ఇది ఎంతో పొదుపైన పద్ధతి. నాలుగు మాటలలో నలభై మాటల పని జరుగును. సందర్భము తెలియనివాని ముందు అదే వాక్యము మూగదగును.

ఇంగ్లీషు మాటలలో డచ్చి వాక్యము

పరభాష మాట్లాడునప్పుడు మనము మాటలను ఆ భాషనుండియు, వాక్యపు అచ్చును మాతృభాషనుండియు తీసికొనుచుందుము. 1977 మార్చి 27న కానరీ ద్వీపములలోని టెనెరీఫ్‌లో రెండు బోయింగ్ 747 విమానములు ఒకే పరుగుబాటపై ఢీకొని 583 మంది మరణించిరి. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదము లేదు. దట్టమైన పొగమంచులో డచ్చి విమానము అనుమతి రాకుండగనే పరుగు మొదలుపెట్టినది. అప్పుడు దాని సహచోదకుడు రేడియోలో అన్న మాట ‘వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అని వినవచ్చినది. ఇంగ్లీషు వాడుకలో ఇది ‘పైకి లేచు చోటున నిలిచియున్నాము’ అన్నట్లుండును. డచ్చి భాషలో ‘ఆన్ హెట్’ అను మాటను క్రియకు ముందు చేర్చినచో పని ఇప్పుడు జరుగుచున్నదని అర్థము. ఆ అచ్చులో ఇంగ్లీషు మాటలు పోసినచో ‘ఎట్ టేకాఫ్’ అనునది ‘లేచుచున్నాము’ అగును. భాషాశాస్త్రజ్ఞులు ఇచ్చిన ఈ వివరణ పూర్తిగా నిరూపించుటకు వీలులేనిదే యైనను చాల పొసగుచున్నది.

నియంత్రణాధికారి స్పెయిన్ దేశీయుడు. అతడు ‘ఓకే’ అని, క్షణమాగి, ‘టేకాఫ్‌కు సిద్ధముగ ఆగియుండుడు, నేను పిలిచెదను’ అనెను. ఆ క్షణముననే ఎదురుగా బాటమీదనున్న అమెరికా విమానము తామింకను బాటపైననే ఉన్నామని పలికినది. ఒకే తరంగముపై రెండు మాటలు కలిసిన కారణమున డచ్చి విమానములో ‘ఓకే’ తరువాత కీచుమను ధ్వని మాత్రమే వినబడెను. ‘ఓకే’ అనగా ‘వింటిని’ అనియా, ‘కానిండు’ అనియా? ప్రపంచమంతట వాడబడు ఆ రెండక్షరముల మాటకు ఆ రెండర్థములును కలవు.

తెలుగు విద్యార్థి ఇంగ్లీషును తీసికొన్నచో ఇట్టి అచ్చులు అడుగడుగున కనబడును. ఆచార్యునితో ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మనవాడనును. ‘నాకు సందేహమున్నది’ అను వినయవాక్యమే అది. కాని అమెరికాలోనో ఇంగ్లండులోనో ఆచార్యుడు ‘మీరు చెప్పినది నేను నమ్మజాలకున్నాను’ అని విను ప్రమాదమున్నది. అక్కడ అడుగవలసిన మాట ‘ప్రశ్న’, ‘సందేహము’ కాదు. టెలిఫోను ఎత్తి మనము మర్యాదగ ‘చెప్పండి’ అందుము. దానినే ‘టెల్ మీ’ అని మార్చినచో మర్యాద ఎగిరిపోయి ఆజ్ఞ మిగులును. మన క్రియకు చివర చేరు ‘అండి’ అను చిన్న ప్రత్యయములో ఉన్న గౌరవమునకు ఇంగ్లీషు క్రియలో చోటు లేదు. వారు దానిని ప్రశ్నరూపమునను, ‘ప్లీజ్’ వంటి మాటలలోను దాచుకొందురు. ‘రేపటిలోగా పంపండి’ అను వాక్యమును మాటకు మాట మార్చి వ్రాసిన హైదరాబాదు ఇంజనీరును, విదేశపు సహోద్యోగి గర్వియని తలచుట ఈ కారణముచేతనే.

ఇక ‘ఊఁ’ సంగతి. కథ చెప్పువానికి ఊకొట్టుట మన అలవాటు. ‘వినుచున్నాను, కానిమ్ము’ అని దాని భావము, ఒప్పుకొంటినని కాదు. తలను ప్రక్కలకు ఊపుటయు అట్టిదే. పాశ్చాత్యుడు ఆ ఊపును కాదనుటగనో, ఏమియు తేల్చకపోవుటగనో గ్రహించి కలతపడును. బల్గేరియా దేశములో ఔనన్నప్పుడు తలను అడ్డముగ త్రిప్పుట కలదు. అక్కడికి పోయినచో మనము కూడ ఆ పాశ్చాత్యుని వలెనే తికమకపడుదుము.

అన్నిటికిని సంస్కృతియేనా?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అను డచ్చి పరిశోధకుడు ఐ.బి.ఎం. సంస్థ వివిధ దేశశాఖలలో 1967 నుండి 1973 వరకు ఉద్యోగులచే పూర్తిచేయించిన లక్షకు పైబడిన ప్రశ్నపత్రములను పరిశీలించి 1980లో గ్రంథము ప్రకటించెను. పై అధికారికి, క్రింది ఉద్యోగికి నడుమ జనులు సహజమని ఒప్పుకొను ఎడమునకు ‘అధికార దూరము’ అని పేరుపెట్టి, దానిని అంకెలలో సూచించెను. అతని లెక్కలో భారతదేశమునకు 77, కొలంబియాకు 67, అమెరికాకు 40. ఈ అంకెలు చూచి, ‘కొలంబియా సహచోదకుడు పెద్దవారిముందు నోరు మెదపలేదు, అందుచే విమానము కూలినది’ అనుట సులభము. సులభమైన వివరణలన్నియు సరియైనవి కావు. ఒక్క సంస్థ ఉద్యోగుల సమాధానములు దేశమంతటికి వర్తించునా అని ఈ లెక్కలపై విమర్శలు కలవు. అదియునుగాక దేశపు సగటు ఒక వ్యక్తి స్వభావము కాదు. ఒక ఊరి సగటు వర్షపాతము తెలిసినంతమాత్రమున నేడు గొడుగు కావలయునో వలదో తెలియదు గదా.

అమెరికాలోనే జరిగిన ఉదంతమొకటి దీనికి మంచి విరుగుడు. 1978 డిసెంబరు 28న యునైటెడ్ సంస్థ 173వ నంబరు విమానము పోర్ట్‌లండ్ నగరముపై చక్రముల లోపమును పరీక్షించుకొనుచు సుమారు గంటసేపు తిరిగి, ఇంధనము లేక కూలినది. 10 మంది మరణించిరి. సిబ్బంది అందరును అమెరికనులే, అందరి మాతృభాష ఇంగ్లీషే. ఇంధనము తగ్గుచున్నదని తక్కినవారు సూచించిరే గాని విమానాధిపతి దృష్టి తిరుగునట్లు గట్టిగ చెప్పలేదు. పెద్దవానికి ఎదురుచెప్పుటలో జంకు ఆసియాకో, దక్షిణ అమెరికాకో పరిమితమైన జబ్బు కాదు. ఈ ప్రమాదము తరువాత, 1979లో నాసా ఏర్పాటుచేసిన సదస్సునుండి, విమానసిబ్బంది పరస్పరము ఎట్లు మాట్లాడుకొనవలెనో నేర్పు శిక్షణ పుట్టినది. చిన్నవాడు సూచనగ కాక స్పష్టముగ చెప్పుట, పెద్దవాడు ఆ మాటను అడిగి వినుట అందలి ముఖ్యపాఠములు. ఎవరి సంస్కృతినో మార్చుట కష్టము. పనిచోట పాటించు పద్ధతిని మార్చుట సాధ్యము.

మన దేశములోను ఇట్టి దుఃఖము జరిగినది. 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమట చర్ఖీ దాద్రీ వద్ద, ఢిల్లీనుండి పైకి లేచిన సౌదీ విమానమును, ఢిల్లీకి దిగుచున్న కజకిస్తాన్ విమానమును ఆకాశమున ఢీకొని 349 మంది మరణించిరి. కజక్ విమానము 15,000 అడుగుల ఎత్తున నిలువవలసియుండగా ఇంకను క్రిందికి దిగినది. సౌదీ విమానమునకు 14,000 అడుగుల ఎత్తు నిర్ణయింపబడినది. కజక్ విమానములో నేలతో మాట్లాడువాడు చోదకుడు కాడు, వేరొక రేడియో ఉద్యోగి. మాట ఒకరి చెవిలో పడి, చేయి వేరొకరిదై, నడుమ మరియొక భాషలోనికి మారవలసి వచ్చినది. న్యాయమూర్తి లాహోటీ విచారణ సంఘము, కజక్ సిబ్బందికి ఇంగ్లీషు చాలనందున నియంత్రణాధికారి మాటలను పొరపాటుగ గ్రహించుటను కారణములలో ఒకటిగ పేర్కొనినది.

మాటకు కొలతబద్ద

ఈ ప్రమాదములన్నిటినుండి విమానయానరంగము నేర్చుకొన్న విద్య, విదేశీయులతో పనిచేయు ఎవరికైనను పనికివచ్చునది. మొదటి అడుగు అక్షరములతోనే పడినది. ‘బి’, ‘డి’, ‘పి’, ‘టి’ అను ఇంగ్లీషు అక్షరములు రేడియో రొదలో ఒకే తీరుగ వినబడును. ఒక్కొక్క అక్షరమునకు ఒక పూర్తి మాటను గుర్తుగ పెట్టినచో ఈ చిక్కు తీరును. కాని ఆ మాటలను ఫ్రెంచివాడును, స్పెయిన్ దేశీయుడును, ఇంగ్లీషువాడును కూడ పలుకగలుగవలెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మాంట్రియల్ విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రాచార్యుడు జాన్ పాల్ వినే సహాయమున ఈ పని చేయించినది. 1951లో వెలువడిన పట్టికలో లోపములు కనబడగా సవరించి 1956 మార్చి 1 నుండి అమలుపరచిరి. అందు ‘ఆల్ఫా’ అను మాట నడుమ ఇంగ్లీషువారి ‘పి-హెచ్’ జంటకు బదులు ‘ఎఫ్’ వ్రాసిరి, ‘పి-హెచ్’ను ‘ఫ’ అని చదువని జాతులవారి కొరకు. ‘జూలియెట్’ చివర రెండు ‘టి’లు వ్రాసిరి, ఒక్క ‘టి’ అయినచో ఫ్రెంచివాడు దానిని పలుకక విడిచిపెట్టును. తొమ్మిదిని ‘నైన్’ అనక ‘నైనర్’ అందురు, ఐదుతో కలిసిపోకుండుటకు. ఇట్టి చిన్న మర్యాదలు ఎన్ని ప్రాణములు కాపాడినవో లెక్కించు సాధనము లేదు.

‘మేడే’ అను ఆపద మాట పుట్టుకయు ఇట్టిదే. 1920 దశకపు ఆరంభమున లండను దగ్గరి క్రాయ్‌డన్ విమానాశ్రయపు రేడియో అధికారి ఒకడు, పారిస్ రాకపోకలు ఎక్కువగ ఉండుటచే ఫ్రెంచివారికి కూడ తెలియునట్లు ‘నాకు సహాయము చేయుడు’ అను అర్థమిచ్చు ఫ్రెంచి పలుకునుండి దానిని తీసికొనెను.

ఇంకొక ఏర్పాటు ‘వింటిని’, ‘చేసెదను’ అనువానిని విడదీయుట. ‘రోజర్’ అనగా మీ మాట పూర్తిగ అందినదని మాత్రమే. ఔననియు కాదు, కాదనియు కాదు. ‘విల్కో’ అనగా అందినది, అట్లే చేసెదను. తెలుగువాని ‘ఊఁ’కును, ‘సరే’కును నడుమ ఉన్న తేడాయే ఇది, మనము దానిని స్వరముచే గుర్తింతుము, విమానచోదకుడు మాటచే గుర్తించును. టెనెరీఫ్ తరువాత ‘టేకాఫ్’ అను మాటను అనుమతి ఇచ్చునప్పుడు గాని, ఇచ్చిన అనుమతిని రద్దుచేయునప్పుడు గాని తప్ప పలుకరాదని కట్టడి చేసిరి. మిగిలిన సందర్భములలో ‘డిపార్చర్’ అనవలెను. ఇంధనము సంగతికి కూడ 2012లో అంతర్జాతీయ నియమములలో రెండు మాటలు స్థిరపడినవి: ఇక ఆలస్యమును భరింపలేని స్థితికి ‘మినిమమ్ ఫ్యూయెల్’, ప్రాణాపాయస్థితికి ‘మేడే ఫ్యూయెల్’. ఆవియాంకా ప్రమాదమునకును దీనికిని నడుమ 22 సంవత్సరములు గడచినవి. ఇంత చిన్న పనికి అంత కాలము పట్టుట ఆశ్చర్యమే.

అన్నిటికంటె గొప్ప ఉపాయము మాత్రము అతి సామాన్యమైనది: తిరిగి చెప్పుట. అధికారి ‘15,000 అడుగులకు దిగుడు’ అన్నచో చోదకుడు ‘సరే’ అనరాదు. ‘15,000 అడుగులకు దిగుచున్నాము’ అని ఆ అంకెతో సహా తిరిగి చెప్పవలెను. అధికారి దానిని విని, తప్పున్నచో దిద్దవలెను. షానన్ చిత్రములో వార్త ఒకే దిశగ పోవును. ఇక్కడ అది వలయమై మొదటివాని వద్దకు మరల వచ్చును. సంకేతపుస్తకములు వేరైనప్పుడు ఆ తేడా బయటపడు చోటు ఇదొక్కటే. ‘అర్థమైనదా?’ అని అడుగుట దీనికి సాటిరాదు. ఆ ప్రశ్నకు తరగతిలోని ప్రతి విద్యార్థియు ‘అయినదండి’ అనుననుట ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

2003లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చోదకులకు, నియంత్రణాధికారులకు భాషాపరీక్షను నిర్ణయించి 2008 మార్చి 5 నుండి అమలులోనికి తెచ్చినది. ఉచ్చారణ, వాక్యనిర్మాణము, పదసంపద, ధారాళత, గ్రహణశక్తి, సంభాషణ అను ఆరింటిలోను ఆరు మెట్లు. ఆరింటిలో అన్నిటికంటె తక్కువ వచ్చినదే మొత్తపు ఫలితము. నాలుగవ మెట్టు చేరనిదే అంతర్జాతీయ సేవలకు అర్హత లేదు. నాలుగవ మెట్టువారు మూడేండ్లకొకమారు మరల పరీక్షకు కూర్చుండవలెను. మాతృభాష ఇంగ్లీషైనవారు కూడ జాతీయములు, యాసలు విడిచి, మెల్లగ, తేటగ పలుకుట నేర్చుకొనవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. భారమంతయు పరభాషీయునిపై మోపకపోవుట న్యాయమైన సంగతి.

రెప్పపాటులో తీర్పు

మాటల నడుమనున్న మౌనము కూడ భాషయే. నెదర్లండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన భాషాశాస్త్రవేత్తలు, వారి సహచరులు 2009లో పది భాషలలో సంభాషణలను కొలిచిరి. ఔను-కాదు ప్రశ్న ముగిసిన తరువాత సమాధానము మొదలగుటకు పట్టు కాలము సగటున సెకనులో అయిదవ వంతు. జపానీయులలో అది 0.007 సెకను, అనగా ప్రశ్న తోకను పట్టుకొనియే సమాధానము వచ్చును. డేనిష్ భాషలో 0.469 సెకను. తేడా అరసెకనుకు లోపలిదే. ఐనను ఆలస్యమునకు చెవి చాల చురుకుగ ఉండును. తన భాషలో అలవాటైనదానికంటె సమాధానము కొంచెము ఆలస్యమైనచో, ఎదుటివాడు కాదనబోవుచున్నాడనియో, మందమతియనియో మనస్సు తీర్పు చెప్పును.

దీనికి యంత్రముల ఆలస్యము తోడగును. భూస్థిర ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండును. మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు 72,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో 0.24 సెకను. సమాధానము తిరిగి వచ్చుటకు మరియొక 0.24. అనగా ఇరువురును ఎంత చురుకైనవారైనను నడుమ సుమారు అరసెకను మౌనము తప్పదు. నేడు దూరదేశపు సంభాషణలలో చాల భాగము సముద్రగర్భపు తంతులగుండా పోవుచున్నను, కంప్యూటరులు మాటను ముక్కలుచేసి కూర్చుటలో కొంత కాలము పోవును. బెర్లిను పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగములలో, ఆలస్యము తంతిలో ఉన్నను జనులు దానిని గమనింపక, ఎదుటివానికే శ్రద్ధ తక్కువని భావించిరి. రాత్రివేళ హైదరాబాదులో కూర్చుండి సముద్రముల ఆవలివారితో పనిచేయు యువకులు ఈ లెక్కను ఒకమారు వేసి చూచుకొన్నచో అనేక అపార్థములు తమంతట తామే తొలగును.

అపాయములనే చెప్పుట న్యాయము కాదు. చక్కగ జరిగినది కూడ ఒకటి కలదు. 1975 జూలై 17న అమెరికావారి అపోలో నౌకయు, సోవియట్ వారి సోయుజ్ నౌకయు అంతరిక్షమున కలిసినవి. ఎవరి భాష వాడవలెనను సమస్యకు వారు కనుగొన్న పరిష్కారము విచిత్రమైనది: అమెరికనులు రష్యను మాట్లాడవలెను, రష్యనులు ఇంగ్లీషు మాట్లాడవలెను. వినువానిది మాతృభాష కాబట్టి అతనికి తప్పులతో కూడిన మాటయు అర్థమగును. పలుకువానికి పరభాష కాబట్టి అతడు మెల్లగ, చిన్న వాక్యములలో, జాతీయములు లేకుండ పలుకును. ఓక్లహోమా రాష్ట్రీయుడైన అమెరికా నాయకుడు స్టాఫర్డ్ యాసతో కూడిన రష్యనును విని, తమ యాత్రలో వాడిన భాషలు మూడు, రష్యను, ఇంగ్లీషు, ‘ఓక్లహోమ్‌స్కీ’ అని సోవియట్ నాయకుడు లియోనోవ్ పరిహాసమాడెను. యాసను గూర్చి ఇరువురును నవ్వుకొనగలిగిరి.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయమును ఖర్చులేని ప్రయోగముతో చూపవచ్చును. ఇద్దరు విద్యార్థులను వీపులు ఆనించి కూర్చుండబెట్టి, ఒకరికి వృత్తము, త్రిభుజము, రెండు గీతలతో గీసిన బొమ్మను ఇయ్యవలెను. అతడు చేతులు కదపక మాటలతోనే వర్ణింపవలెను. రెండవవాడు ‘ఊఁ’ అనుట తప్ప మాటాడక తన కాగితముపై గీయవలెను. రెండు బొమ్మలను గోడకు అతికించి తేడాలు లెక్కింపవలెను. తరువాత మరియొక జంటకు వేరొక బొమ్మ ఇచ్చి, గీయువాడు ప్రతి వాక్యమును తన మాటలలో తిరిగి చెప్పి, ‘ఔను’ అనిపించుకొన్న తరువాతనే గీయునట్లు నియమము పెట్టవలెను. పట్టిన కాలమును రెండుమార్లును గడియారముతో వ్రాసికొనవలెను. రెండవ పద్ధతికి కాలము ఎక్కువ పట్టును. ఏ మాటవద్ద బొమ్మలు విడిపోయినవో విద్యార్థులచేతనే వెదకించినచో, ‘ప్రక్కన’, ‘పైన’, ‘చిన్నది’ వంటి మాటలే బయటపడును. వీలైనచో మూడవమారు, ఇంట తెలుగు మాట్లాడు బాలుని, ఇంట ఉర్దూయో, లంబాడీయో, కోయయో మాట్లాడు బాలుని జంటగ కూర్చుండబెట్టవలెను.